టెనర్ గొంతుకు వరంగల్‌లో పని ఎక్కడుంది: పాటగాడి బతుకు పాఠాల మీద నడిచే తీరు

క్లుప్తంగా

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మగవాళ్ల హెచ్చుస్థాయి గొంతును టెనర్ అంటారు. ఆ గొంతుతో వేదిక మీదే జీవితాంతం బతికినవాళ్లు ఐరోపాలోనూ తక్కువ. పాఠం చెప్పడం ఆ వృత్తిలో మొదటి నుంచీ ఉన్నదే. వరంగల్ లాంటి చోట అదే అసలు పని అవుతుంది. ఇక్కడ ఆ గురువు విలువ తేలేది ఒకే చోట: శిష్యుడి గొంతు పైస్థాయిలో ఎక్కడ మలుపు తిరుగుతుందో, అది వాడి శ్రుతిలో ఏ స్వరం మీద పడుతుందో పసిగట్టడంలో.

సంగీతం క్లాసుల బోర్డుల మీద కర్ణాటక గాత్రం, కీబోర్డు, గిటార్ పక్కన 'వెస్టర్న్ వోకల్స్' అనే మాట ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ కనిపిస్తోంది. చదివిన తల్లిదండ్రులకు అనుమానాలు మొదలవుతాయి. ఇది ఇంగ్లిష్ పాటలు నేర్పే క్లాసా, చర్చి పాటలా, సినిమా పాటలా? ఇప్పటికే సరళీస్వరాలు పాడుతున్న పిల్ల ఇందులో చేరితే గొంతు చెడుతుందా? ఒపేరా, అంటే పాశ్చాత్య సంగీత నాటకం, పాడే మనిషికి ఓరుగల్లులో ఏం పని? మూడింటికీ జవాబులు గొంతు పనిచేసే తీరులోనే ఉన్నాయి కనుక అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

టెనర్ అంటే ఎంత ఎత్తు

టెనర్ అనే పేరు 'పట్టి ఉంచు' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మధ్యయుగపు చర్చి సంగీతంలో ఒక గొంతు మూల గీతాన్ని దీర్ఘ స్వరాలుగా పట్టి ఉంచితే, మిగతా గొంతులు దాని చుట్టూ అల్లుకునేవి. ఆ పట్టి ఉంచే వరుసే టెనర్. తర్వాత నాలుగు వరుసల గానంలో ఆడవాళ్లకు సోప్రానో, ఆల్టో, మగవాళ్లకు టెనర్, బాస్ అని స్థిరపడ్డాయి. ఉత్తర తెలంగాణలో ఈ మాటలు బాగా తెలిసినవాళ్లు చర్చి గాయక బృందాలవాళ్లే. కాజీపేట ఫాతిమానగర్ కెథెడ్రల్, డోర్నకల్ కెథెడ్రల్, కరీంనగర్ సీఎస్ఐ సంఘాల వంటి చోట్ల ఈ నాలుగు వరుసల గానానికి చోటుంది.

టెనర్ పరిధి మన లెక్కలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఒకటి శ్రుతి (హార్మోనియం మీద మొదటి తెల్ల మెట్టు) పెట్టుకున్న మగ గాయకుడి ఆధార షడ్జం సెకనుకు సుమారు 131 కంపనాలు. పైస్థాయి షడ్జం, అంటే తారషడ్జం 262, ఆ స్థాయి పంచమం, అంటే తారపంచమం 392. కర్ణాటక కచేరీలో మగ గొంతు సాధారణంగా తారపంచమం దాకా వెళ్లి దిగుతుంది. టెనర్ ఆధార షడ్జం చుట్టుపక్కల మొదలై, తారపంచమాన్ని దాటి, ఆపై షడ్జాన్ని, అంటే 523ను కూడా అందుకోవాలి. అన్ని పాటల్లోనూ అంత ఎత్తు రాదు. పాటలో ఎక్కువ భాగం తారమధ్యమ పంచమాల లోపలే నడుస్తుంది. కానీ కొలువిచ్చేవాళ్లు చూసేది ఆ పై షడ్జం వచ్చిందా లేదా అన్నదే.

మగవాళ్లలో ఎక్కువమందివి మధ్యరకం గొంతులు. వాటిని బారిటోన్ అంటారు. నిజమైన టెనర్లు తక్కువ. చర్చి బృందంలో టెనర్ వరుస ఖాళీగా ఉంటే ఒక బారిటోన్‌ను అక్కడ నిలబెడతారు. అతను మెడనరాలు పొంగేలా పాడి, ఆదివారం మధ్యాహ్నానికి గొంతు బొంగురు చేసుకుంటాడు. ఈ పొరపాటు దేశమంతటా జరుగుతుంది.

మలుపు: అసలు కథంతా ఇక్కడే

స్వరతంత్రులను పొట్టిగా, మందంగా చేసే కండరం ఒకటి. సాగదీసి పల్చన చేసేది ఇంకొకటి. మాట్లాడేటప్పుడు, కింది స్వరాల్లో మొదటిదాని పెత్తనం. పైకి వెళ్లేకొద్దీ రెండోది పని అందుకోవాలి. ఈ చేతిమార్పు క్రమంగా జరిగితే గొంతు అతుకు తెలియకుండా పైకి పోతుంది. మొదటి కండరం పట్టు వదలకపోతే పాట అరుపవుతుంది. ఒక్కసారిగా వదిలేస్తే గొంతు విరిగి దొంగగొంతులోకి, అంటే పల్చని బోలు గొంతులోకి జారుతుంది. ఈ చేతిమార్పు జరిగే ప్రాంతాన్ని ఇటాలియన్ గురువులు పస్సాజ్జో అన్నారు. ఇక్కడ మలుపు అందాం.

తేలిక టెనర్‌కు ఈ మలుపు 294 కంపనాల దగ్గర మొదలై 392 దగ్గర పూర్తవుతుంది. తేలిక బారిటోన్‌కు సుమారు 247 దగ్గర మొదలై 330 దగ్గర ముగుస్తుంది. ఈ అంకెలను శ్రుతిపెట్టె పక్కన పెట్టి చూస్తే కర్ణాటకం నేర్చుకునే మగపిల్లల కష్టం చాలావరకు అర్థమవుతుంది. ఒకటి శ్రుతిలో టెనర్ గొంతుకు మలుపు తారరిషభం దగ్గర మొదలై తారపంచమం దగ్గర పూర్తవుతుంది. అదే శ్రుతిలో బారిటోన్‌కు అది తారగాంధారానికే అయిపోవాలి. అంటే పక్కపక్కన కూర్చొని ఒకే శ్రుతిలో ఒకే వర్ణం పాడుతున్న ఇద్దరిలో ఒకడు తారపంచమాన్ని మలుపు చివర అందుకుంటున్నాడు, రెండోవాడు మలుపు దాటిన తర్వాత అందుకుంటున్నాడు. 'వాడికి వస్తోంది, నీకెందుకు రాదు' అని గురువు గద్దిస్తే రెండోవాడు కండరం బిగపట్టి అరుస్తాడు. వాడికి కావలసింది ఇంకాస్త సాధకం అనిపిస్తుంది కానీ, నిజానికి కావలసింది అర శ్రుతి తగ్గింపు, లేదా మలుపు దాటించే పద్ధతి.

శ్రుతి రెండుకు పెంచితే మలుపు ఇంకా కిందికి దిగుతుంది. టెనర్‌కు తారమధ్యమం, బారిటోన్‌కు తారరిషభం. హెచ్చు శ్రుతిలో పాడితే గొప్ప అనుకునే అలవాటు గొంతులను దెబ్బతీసే దారి ఇదే.

ఈ మలుపులో అచ్చుల పాత్ర కూడా పెద్దది. 'ఆ' అన్నప్పుడు మగవాడి నోటి గుహ సుమారు 700 కంపనాల దగ్గర బాగా మోగుతుంది. తారమధ్యమం ఒకటి శ్రుతిలో 349. దాని రెట్టింపు 698. ఆ స్వరం దాటగానే ధ్వనిలోని రెండో అంశ (స్వరానికి రెట్టింపు కంపనాలది) నోటి మోతను దాటి పైకి పోతుంది. అప్పుడు గొంతు రంగు దానంతటదే కాస్త ముదురుతుంది, గుండ్రబడుతుంది. ఆ మార్పును అంగీకరించి నోటి ఆకారాన్ని అలాగే ఉంచితే పాట నిలుస్తుంది. మార్పు నచ్చక నోరు ఇంకా పెద్దగా తెరిచి పాత రంగును వెంటాడితే అరుపవుతుంది. 'ఊ', 'ఈ' అచ్చులకు నోటి మోత 300 చుట్టూ ఉంటుంది కనుక అవి ఈ మార్పును చాలా ముందే దాటేసి ఉంటాయి. అందుకే మంచి గురువు ఈ స్వరాలను ముందు 'ఊ'కారంతో పాడించి, అదే చోట మెల్లగా 'ఓ'కారంలోకి, ఆపై 'ఆ'కారంలోకి తెరిపిస్తాడు. అకారసాధకం మన పద్ధతికి వెన్నెముకే. అయితే తారస్థాయి గాంధారం పైన మాత్రం నేరుగా 'ఆ'తో మొదలుపెట్టించడం కొత్త గొంతుకు గట్టెక్కలేని ఏటవాలు.

మైకు లేకుండా వినబడటం ఎలా

టెనర్ శిక్షణలో రెండో పెద్ద అంశం మైకు లేకుండా వాద్యబృందం మీదుగా వినబడటం. మిలాన్‌లోని లా స్కాలాలో సుమారు రెండు వేలమంది, న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో దాదాపు 3,800 మంది కూర్చుంటారు. ఒపేరా గాయకుడు అంతమందికీ మైకు లేకుండానే వినబడాలి. ఇందులో బలప్రయోగం పాలు తక్కువ. వాద్యబృందం శక్తి ఎక్కువగా 500 కంపనాల చుట్టూ ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన మగ గొంతులో 3,000 చుట్టూ ఒక ప్రత్యేకమైన మోత గుమిగూడుతుంది. చెవికి కూడా ఆ ప్రాంతంలోనే చురుకు ఎక్కువ. స్వీడన్ ధ్వని శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ ఈ విషయాన్ని కొలిచి వివరించాడు. స్వరపేటికను కిందికి ఉంచి, దాని పైనున్న సన్నని గొట్టాన్ని ఇరుకుగా, గొంతు గుహను వెడల్పుగా ఉంచితే ఆ మోత పుడుతుంది.

మన వైపు దీనికి దగ్గరి సమస్యను ఎదుర్కొన్నవాళ్లు ఒగ్గుకథకులు, మైకులు రాకముందు పద్యనాటకాలు ఆడినవాళ్లు. డోలు, తాళాల హోరులో రాత్రంతా కథ చెప్పాలంటే గొంతులో గణగణలాడే మోత ఉండాల్సిందే. అది ఒపేరా పద్ధతిలో పుట్టింది కాదు. ఎక్కువగా బిగువు మీద, ముక్కు దగ్గరి మోత మీద ఆధారపడుతుంది. కర్ణాటక కచేరీకి ఇప్పుడు మైకు ఉంది కనుక ఈ మోత తప్పనిసరి కాదు. అందుకే కర్ణాటక విద్యార్థి టెనర్ గురువు దగ్గరికి వస్తే ఈ భాగం అతనికి తగినంతగానే కావాలి. మొత్తం ఒంటబట్టించుకుంటే గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) మొద్దుబారుతుంది.

గొంతు గుహ ఆకారం మారితే మనిషి గొంతే మారిపోతుందనడానికి వరంగల్‌వాళ్లకు బయటి సాక్ష్యం అక్కర్లేదు. ధ్వన్యనుకరణ సామ్రాట్టు నేరెళ్ల వేణుమాధవ్ ఈ ఊరివాడే. ఆయన ఒకే జత స్వరతంత్రులతో వందల గొంతులు పలికించాడు. 2001లో పద్మశ్రీ అందుకున్నాడు. నాలుక, దవడ, అంగిలి, స్వరపేటిక ఎత్తు: మార్చింది ఎక్కువగా ఇవే. టెనర్ గురువు శిష్యుడి దగ్గర మార్చేవీ ఇవే. తేడా ఏమిటంటే ఒక ఆకారాన్ని ఎంచుకొని దాన్నే రెండు స్థాయిల పొడవునా నిలబెట్టాలి.

వేదిక నుంచి పాఠానికి: పాత ఉదాహరణలు

ఫ్రెంచ్ టెనర్ జిల్బేర్ దుప్రే 1806లో పుట్టాడు. అతనికి ముందు టెనర్లు పై స్వరాలను తేలిక గొంతుతో, దొంగగొంతు కలిపి పాడేవాళ్లు. 1831లో ఇటలీలోని లూకాలో అతను పై షడ్జాన్ని నిండు గొంతుతో పాడాడు. 1837లో పారిస్ ఒపేరాలో అదే చేసేసరికి జనం రుచి మారిపోయింది. అంతవరకు అక్కడ ప్రధాన టెనర్‌గా ఉన్న అడాల్ఫ్ నూరీ పక్కకు తప్పుకున్నాడు. ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఇటలీ వెళ్లి, 1839లో నేపుల్స్‌లో ప్రాణం తీసుకున్నాడు. దుప్రే గొంతు కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1840ల్లోనే అరుగుదల మొదలైంది. 1842లో పారిస్ కన్సర్వేటరీలో పాఠాలు మొదలుపెట్టాడు. 1853లో సొంత బడి పెట్టాడు. 1896 దాకా బతికాడు. వేదిక మీది కాలంకన్నా పాఠాల కాలమే పెద్దది.

గార్సియా కుటుంబం కథలో పాఠం ఇంకా ముందే మొదలవుతుంది. తండ్రి మాన్యుయెల్ గార్సియా ఇటాలియన్ ఒపేరా స్వరకర్త రోసీనీ కాలపు పేరున్న టెనర్. పాడుతూనే తన పిల్లలకు నేర్పాడు. అదే పేరున్న కొడుకు వేదిక త్వరగా వదిలేసి గురువుగా స్థిరపడ్డాడు. 1854లో పళ్ల వైద్యుల అద్దం, సూర్యకాంతి సాయంతో తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఇవాళ ఈఎన్‌టీ వైద్యులు గొంతులోకి చూసే పద్ధతికి అది తొలి మెట్టు. 1841లో గొంతు చెడి వచ్చిన స్వీడిష్ గాయని జెన్నీ లిండ్‌కు ఆయన ఇచ్చిన మొదటి పాఠం మౌనం. ముందు కొన్ని వారాలు పాడవద్దన్నాడు, ఆ తర్వాతే నేర్పాడు.

దగ్గరి కాలానికి వస్తే, ప్రపంచ ప్రసిద్ధ టెనర్ లూచానో పవరోట్టికి తొలి గురువు అర్రీగో పోలా ఇటలీలోని మొదెనాలో ఒక టెనర్. కుటుంబం ఇచ్చుకోలేదని రుసుము లేకుండా నేర్పాడు. తర్వాత పాఠాల పని మీదే జపాన్ వెళ్లిపోయాడు. లోకానికి పోలా పేరు శిష్యుడి ద్వారానే తెలుసు. చాలామంది టెనర్ల జీవితం పవరోట్టి జీవితంలా కాక పోలా జీవితంలా ఉంటుంది. ఈ వృత్తిలోకి పిల్లలను పంపాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆ రెండో జీవితాన్నే.

తెలుగు నేల మీదా దారి ఇంతే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశాడు. నేదునూరి కృష్ణమూర్తి పలు ప్రభుత్వ సంగీత కళాశాలలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నాడు. కచేరీలు పేరు తెచ్చాయి, నెలజీతం మాత్రం పాఠం నుంచి వచ్చింది. ఇక్కడ ఉన్న అసలు తేడా ఏమిటంటే, కర్ణాటక విద్వాంసుడికి ప్రభుత్వ కళాశాల, ఆకాశవాణి గ్రేడు అనే రెండు ఊతాలు ఉన్నాయి. మన ప్రాంతంలో టెనర్‌కు అలాంటి జీతపు కొలువు లేదు.

వేదిక ఆదాయం ఎందుకు నిలకడగా ఉండదు

జర్మనీలో ప్రభుత్వ నిధులతో నడిచే ఒపేరా గృహాలు ఎనభై దాకా ఉన్నాయి. అక్కడ గాయకుడిని నెలజీతం మీద పెట్టుకునే పద్ధతి ఉంది. ఆ ఒప్పందాలు కూడా సీజన్ల లెక్కన సాగుతాయి. మిగతా చోట్ల ఎక్కువమంది ప్రదర్శనకు ఇంత అని తీసుకునేవాళ్లు. వారాల తరబడి రిహార్సల్ చేసి, ప్రదర్శన రోజున జలుబు చేసి పాడలేకపోతే ఆ రోజు డబ్బు రాదు. గొంతు ముదిరి నిలదొక్కుకునేది ముప్పై ఏళ్ల చుట్టుపక్కల. పై స్వరాలు యాభై దాటాక కష్టమవుతాయి. స్పెయిన్ టెనర్ ఆల్‌ఫ్రేదో క్రౌస్ తనకు నప్పే పాత్రలనే ఎంచుకొని డెబ్భై దగ్గరపడేదాకా పాడాడు కానీ అలాంటివాళ్లు అరుదు. ఆయన కూడా మాడ్రిడ్‌లో పాఠాలు చెప్పాడు.

మన దేశంలో ఏడాది పొడవునా నడిచే ఒపేరా సంస్థ లేదు. ముంబయిలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, 2016లో మళ్లీ తెరిచిన రాయల్ ఒపేరా హౌస్ వంటి వేదికల మీద అప్పుడప్పుడు అవకాశాలు వస్తాయి. వరంగల్ నుంచి చూస్తే అది ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాల పని.

వరంగల్‌లో పాఠానికి వచ్చేవాళ్లు

ఇక్కడ టెనర్ గురువు ఇంటి తలుపు తట్టేవాళ్లలో ఒపేరా కోసం వచ్చేవాళ్లు అరుదు. చర్చి బృందాలవాళ్లు వస్తారు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య హయాం నుంచి ఈ ప్రాంతపు ఆరాధనలో తెలుగు కీర్తనలకు, మన రాగాలకు పెద్దపీట ఉంది. కనుక ఒకే గొంతు ఒకే ఆదివారం రాగం మీద నడిచే కీర్తననూ, నాలుగు వరుసల పాశ్చాత్య గీతాన్నీ పాడాల్సి వస్తుంది. కీర్తనలో జారు, కంపితం వంటి గమకాలు కావాలి. నాలుగు వరుసల పాటలో ప్రతి గొంతూ స్వరాన్ని నిటారుగా పట్టకపోతే మోత కలవదు. ఈ రెంటినీ విడదీసి నేర్పగలిగేవాడు దొరకడం ఆ బృందాలకు నిజమైన మేలు.

కర్ణాటకం నేర్చుకుంటూ తారస్థాయి దగ్గర ఆగిపోయినవాళ్లు వస్తారు. టీవీ పోటీలకు సినిమా పాట తయారు చేసుకునేవాళ్లు వస్తారు. రోజంతా అరిచి గొంతు పోగొట్టుకున్న బడిపంతుళ్లు, వ్యాఖ్యాతలు వస్తారు. వీళ్లందరికీ కావలసింది గొంతు పనిచేసే తీరు తెలిసిన మనిషి. పాట ఏ సంప్రదాయానిదన్నది తర్వాతి మాట.

పాశ్చాత్య గాయకుల గొంతులో సహజంగా వచ్చే వణుకు సెకనుకు ఐదారు సార్లు, స్వరానికి రెండువైపులా కాస్త ఊగుతుంది. అది గమకం కాదు. గమకంలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో రాగం చెబుతుంది. ఈ వణుకు మాత్రం ఏ రాగమైనా ఒకేలా ఉంటుంది. టెనర్ గురువు దాన్ని కర్ణాటక శిష్యుడికి అంటించకూడదు. గాత్రం పాఠం తనది, రాగం పాఠం వాడి కర్ణాటక గురువుది అన్న హద్దు మొదటి రోజే పెట్టుకుంటే ఇద్దరు గురువుల మధ్య పిల్ల నలగదు.

ఒక పాఠం లోపల

ముప్పావు గంట పాఠం ఎలా సాగుతుందో చూస్తే గురువుకు పని తెలుసో లేదో తేలుతుంది. మొదటి ఐదు నిమిషాలు పెదాలతో బుర్రుమనిపించడం, చిన్నపిల్లలు బస్సు నడిపినట్టు. కింది పంచమం నుంచి తారషడ్జం దాకా, మళ్లీ కిందికి. లేదంటే సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, అందులోకి హూంకరిస్తూ స్వరం ఎక్కించి దించడం. బుడగలు సమంగా వస్తే ఊపిరి సమంగా ఉన్నట్టు. ఆగి ఆగి పెద్దగా వస్తే పొట్ట, పక్కటెముకలు ఒక్కసారిగా కూలుతున్నట్టు. నోటి దగ్గర అడ్డం ఉండటంవల్ల వెనక్కి తన్నే గాలి ఒత్తిడి తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా కాపాడుతుంది. రెండు రూపాయల స్ట్రాతో అయ్యే ఈ పని ఖరీదైన యంత్రాలు చేయలేవు.

తర్వాత ఐదు స్వరాలు, 'ఊ'కారంతో, శ్రుతి అరమెట్టు చొప్పున పెంచుతూ. మలుపు ఎక్కడ వస్తుందో గురువు వినేది ఇప్పుడే. గుర్తులు మూడు: గడ్డం ముందుకు రావడం, కంఠమణి చివుక్కున పైకి లేవడం, ధ్వని ఒక్కసారిగా పల్చబడటం. ఆ స్వరం పుస్తకంలో రాసుకోవాలి. నాలుగు పాఠాల్లో అదే చోట పడితే అది ఆ గొంతు మలుపు. రోజుకొక చోట పడితే అలసట, జలుబు, లేదా భయం. ఆ తర్వాత పదిహేను నిమిషాలు ఆ ఒక్క ప్రాంతంలోనే పని. చివరి పదిహేను నిమిషాలు పాట. పని ముందు, పాట తర్వాత అన్న క్రమం మార్చితే పాఠం నిలవదు.

మగ గురువు పిల్లలకు పాడి చూపేటప్పుడు ఒక గండం ఉంది. అతని స్వరం పిల్లల స్వరానికి ఒక స్థాయి కింద ఉంటుంది. పిల్ల ఆ మందాన్నే అనుకరించబోయి ఛాతీలోంచి గుర్రుగా పాడుతుంది. కనుక స్వరం కీబోర్డు మీద పిల్ల స్థాయిలోనే మోగించాలి. లేదా అదే వయసు మరో పిల్లతో పాడించాలి.

బ్యాచ్ లెక్క, శ్రుతి చిక్కు

మగవాళ్లకు ఒకటి నుంచి రెండు శ్రుతి సాధారణం. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర, ఆరు. అందరినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెడితే ఎవరో ఒకరి శ్రుతి పెట్టాలి. మధ్యేమార్గంగా మూడో నాలుగో పెడితే ఎవరికీ నప్పదు. గొంతు మారిన అబ్బాయిలకు తారస్థాయి అందదు, అమ్మాయిలకు మంద్రం పలకదు.

అయినా బ్యాచ్‌లే ఎందుకు నడుస్తాయో చెప్పడానికి ఒక ఊహాలెక్క చాలు. వారానికొక ముప్పావు గంట పాఠం, నెలకు రెండు వేల రుసుము అనుకుందాం. ఇరవై అయిదుగురు శిష్యులుంటే నెలకు యాభై వేలు, పాఠాల కాలం 75 గంటలు. గంటకు 670 రూపాయల దాకా. అదే పదిహేను మంది చొప్పున మూడు బ్యాచ్‌లు, వారానికి రెండేసి గంటలు, తలకు ఎనిమిది వందలు అయితే నెలకు ముప్పై ఆరు వేలు, పని 24 గంటలే. గంటకు పదిహేను వందలు. మార్చిలో పరీక్షల పేరుతో వ్యక్తిగత శిష్యులు ఆగిపోతారు, మేలో వేసవి శిబిరాల బ్యాచ్‌లు నిండుతాయి. గది అద్దె మాత్రం ప్రతి నెలా వస్తుంది. లెక్క గురువును బ్యాచ్ వైపు లాగుతుంది, గొంతులు వ్యక్తిగత పాఠం అడుగుతాయి.

దీనికి ఉన్న పనికొచ్చే మార్గం బ్యాచ్‌ను వయసును బట్టి కాక శ్రుతిని బట్టి విడదీయడం. ఐదున్నర వాళ్లంతా ఒకటి, ఒకటిన్నర వాళ్లంతా ఒకటి, గొంతు మారుతున్న అబ్బాయిలు విడిగా. నెలకొకసారి ప్రతి పిల్లకూ పది నిమిషాలు ఒంటరిగా. అదనపు ఖర్చు దాదాపు ఏమీ లేదు.

గురువు గొంతుకు కూడా హద్దుంది. రోజుకు నాలుగైదు గంటలకు మించి మాట్లాడుతూ, పాడి చూపుతూ ఉంటే సాయంత్రానికి తన సొంత సాధకానికి గొంతు మిగలదు. వేదిక మీద పాడాలనుకునే టెనర్ ఉదయం తన సాధకం ముగించాకే మొదటి పాఠం పెట్టుకోవాలి.

ఏవి చెడుతాయి, ఎందుకు

అబ్బాయిల గొంతు పన్నెండు నుంచి పదిహేను ఏళ్ల మధ్య దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆరు నెలలు పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు. పాత శ్రుతిలోనే పాడించడం పెద్ద తప్పు. పూర్తిగా ఆపేయడం రెండో తప్పు. హాయిగా పలికే ఐదారు స్వరాల్లో, తగ్గించిన శ్రుతిలో, మెల్లగా పాడిస్తూ ఉంటే గొంతు మారాక సాధకం తెగిపోకుండా ఉంటుంది. ఈ దశలో 'నువ్వు టెనర్' అని పేరు పెట్టేయడం తొందరపాటు. గొంతు రకం ఇరవై దాటాక గానీ స్పష్టంగా తేలదు.

కరోకే ట్రాకుల చిక్కు వేరు. పాట అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి రెండు మూడు అరమెట్లు దించడం నామోషీ అనుకుంటారు. అది నామోషీ కాదు. బట్టను ఒంటికి తగ్గట్టు కుట్టించుకోవడం లాంటిది.

బలవంతంగా పాడితే రెండు తంత్రులూ ఎక్కువగా రాసుకునే చోట, ముందు నుంచి మూడో వంతు దూరంలో, చిన్న కాయల్లాంటివి కడతాయి. పొద్దున గొంతు బాగుండి సాయంత్రానికి పోవడం, మెల్లగా పాడితే పై స్వరాలు అసలు పలక్కపోవడం వాటి గుర్తులు. గట్టిగా పాడితే పలికి, మెల్లగా పాడితే పలకని గొంతును అనుమానించాలి. బొంగురు మూడు వారాలకు మించి ఉంటే ఈఎన్‌టీ వైద్యుడికి గొంతు లోపల చూపించాలి. చాలా కాయలు కత్తి లేకుండానే, మాట తీరు మార్చుకుంటే తగ్గుతాయి. పాడుతుండగా గొంతు హఠాత్తుగా పోతే తంత్రిలో రక్తం చిమ్మి ఉండవచ్చు. ఆ క్షణం నుంచి పూర్తి మౌనం, వెంటనే వైద్యుడు.

ఊరి గాలి సంగతీ ఉంది. జనవరి చివరి నుంచి ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది. ఆ ఘాటు గొంతులో గరగర పుట్టిస్తుంది. గరగర వచ్చినప్పుడల్లా ఖంగుమని సవరించుకోవడం తంత్రులకు దెబ్బ. ఒక గుక్క నీళ్లు తాగి మింగడం మేలు. వేసవిలో ఏసీ గదుల పొడిగాలి, రాత్రి పదింటికి కారం దట్టించిన భోజనం చేసి వెంటనే పడుకోవడంవల్ల గొంతులోకి ఎగదన్నే పుల్లటి రసం, ఇవి రెండూ ఉదయం సాధకాన్ని చెడగొడతాయి. తిన్నాక మూడు గంటలు ఆగి పడుకుంటే చాలామందికి పొద్దుటి బొంగురు తగ్గుతుంది.

ఇటాలియన్ మాట, తెలుగు నాలుక

ఈ చదువులో తెలుగు పిల్లలకు ఒక వరం ఉంది, గురువులు దాన్ని సరిగా వాడుకోవడం లేదు. ఇటాలియన్ మాటలు తెలుగులాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ద్విత్వాలున్నాయి. అమ్మ, కప్ప అనే నాలుకకు వాటి ఒత్తు నేర్పక్కర్లేదు. ఇటాలియన్ త, ద మన త, ద లాగే పళ్ల దగ్గర పలుకుతాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు అక్షరాన్ని ఇంగ్లిష్‌లా చూసి ట, డ అంటారు. పాట మాటలను తెలుగు లిపిలో రాసిస్తే సగం ఉచ్చారణ సరిపోతుంది. జర్మన్ దగ్గర కథ తిరగబడుతుంది. హల్లుతో ముగిసే మాటకు చివర ఉకారం తగిలించే మన అలవాటు అక్కడ అదనపు స్వరంలా వినబడి తాళం తప్పిస్తుంది. అందుకే మొదటి రెండేళ్లు ఇటాలియన్, ఆపైన జర్మన్ అన్న వరుస ఇక్కడివాళ్లకు నప్పుతుంది.

సర్టిఫికెట్లు దేనికి పనికొస్తాయి

లండన్‌కు చెందిన సంగీత పరీక్షా సంస్థలు ట్రినిటీ కాలేజ్, ఏబీఆర్‌ఎస్ఎం పెట్టే పరీక్షల్లో ఒకటి నుంచి ఎనిమిది గ్రేడులుంటాయి, ఆపైన డిప్లొమాలు. వీడియో రికార్డు పంపి రాసే పద్ధతి వచ్చాక వరంగల్ పిల్లలకు హైదరాబాద్ ప్రయాణం కూడా తప్పనిసరి కాదు. విదేశీ సంగీత కళాశాలల్లో చేరాలన్నా, ఇక్కడ ప్రైవేటు బడుల్లో సంగీతం చెప్పాలన్నా ఇవి పనికొస్తాయి. ప్రభుత్వ గురుకులాల సంగీత ఉపాధ్యాయ పోస్టులకు మాత్రం నోటిఫికేషన్‌లో అడిగే అర్హత వేరు. అది సాధారణంగా భారతీయ సంగీతపు డిప్లొమానో డిగ్రీనో ఉంటుంది. వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా పూర్తిచేస్తూ, పక్కన గ్రేడు పరీక్షలు రాసినవాళ్లకు రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. టెనర్‌గా బతకాలనుకునే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ జంట చదువే ఇక్కడ గట్టి ఆధారం, గొంతు కుదురుకోవడానికి పట్టే మరో పదేళ్లు గడవాలి కనుక.

పిల్లను చేర్చే ముందు ఒక పాఠం పక్కన కూర్చొని చూడనివ్వమని అడగాలి. గురువు మొదటి పది నిమిషాల్లో శ్రుతి మార్చి మార్చి పాడించి, ఏదో ఒక స్వరం దగ్గర ఆగి, కాగితం మీద రాసుకుంటే చేర్చవచ్చు.